సీటొచ్చినా తప్పే, రాకపోయినా తప్పే

మెడికల్ సీట్ల కాలం వచ్చిందంటే ఈ దేశంలో రెండు మాటలు గట్టిగా వినబడతాయి. ఒకటి మెరిట్. రెండోది మతం. సీటు కావాలని మేము అడిగినప్పుడు మొదటి మాట బయటికి తీస్తారు. సీటు మాకు వచ్చినప్పుడు రెండో మాట బయటికి తీస్తారు. రెండూ ఒకే నోటి నుంచి వస్తాయి. ఆ నోటికి తడబాటు కూడా ఉండదు.

నమ్మకం లేకపోతే జమ్మూ దాకా పోయి చూడండి. అక్కడ శ్రీ మాతా వైష్ణోదేవి పేరు మీద ఒక మెడికల్ కాలేజీ పెట్టారు. 2025లో మొదటి బ్యాచికి 50 సీట్లు నింపారు. నింపింది నీట్ ర్యాంకులు చూసి. మతం పేరు చెప్పి ఒక్క సీటు కూడా ఎవరికీ ఇవ్వలేదు. తీరా జాబితా చూస్తే 50 మందిలో 42 మంది ముస్లిం పిల్లలు. అంతే, రోడ్ల మీదికి వచ్చారు. భక్తుల కానుకలతో కట్టిన కాలేజీలో వీళ్ళెట్లా చదువుతారని అడిగారు. నిన్నటిదాకా మెరిట్ మెరిట్ అని గొంతు చించుకున్నవాళ్ళకు ఆ 42 మంది ర్యాంకులు కంటికి ఆనలేదు. 2026 జనవరిలో జాతీయ మెడికల్ కమిషన్ ఆ కాలేజీకి ఇచ్చిన అనుమతినే వెనక్కి తీసుకుంది. అధ్యాపకులు చాలరు, వసతులు లేవు అని కారణం రాసింది. ఉద్యమం చేసినవాళ్ళు మాత్రం దాన్ని తమ గెలుపుగానే చెప్పుకున్నారు. ముస్లిం పిల్ల డాక్టరు కావడం కంటే కాలేజీ మూతబడటమే మేలనుకున్నారన్న మాట. ఆ కాలేజీలో హిందూ పిల్లలు కూడా ఉన్నారు, అక్కడ వాళ్ళ సీటూ పోయింది. ద్వేషం లెక్కల్లో ఇలాంటివి పట్టించుకోరు.

ఎక్కడో జమ్మూలో జరిగినదానికి ఓరుగల్లులో కూర్చుని ఎందుకు గింజుకుంటున్నావని ఎవరైనా అడగొచ్చు. అడగండి. తెలంగాణ రాష్ట్రం మొత్తం మెడికల్ సీట్ల లెక్క ఇప్పుడు మా ఊళ్ళోనే తేలుతుంది గనుక. 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం పెట్టిన నాటినుంచి రాష్ట్రం విడిపోయేదాకా మా పిల్లలు రైలెక్కి కృష్ణ ఒడ్డుకు పోయేవాళ్ళు. సర్టిఫికెట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని, స్టేషన్లో నిద్రపోయి, తమ ర్యాంకు ఎప్పుడు పిలుస్తారా అని హాలు బయట నిలబడేవాళ్ళు. రాష్ట్రం వచ్చాక వరంగల్లులో కాళోజీ నారాయణరావు పేరు మీద విశ్వవిద్యాలయం వచ్చింది. సంతోషమే. ఆ పేరు పెట్టినందుకు ఇంకా సంతోషం. తెలుగులో ఎంత నిలదీసి రాశాడో ఉర్దూను అంత సొంతంగా మాట్లాడిన మనిషి కాళోజీ. మా ఊరి గల్లీల్లో ఆయనను పరాయివాడని అనుకున్న తురకోడు లేడు, తురకోణ్ణి ఆయన పరాయివాడని అనుకున్న రోజూ లేదు.

ఇప్పుడు రైలు లేదు, హాలు లేదు. పిలుపు ఫోనులో వస్తుంది. నీట్ రాసిన నెలకో నెలన్నరకో ర్యాంకు. ఆ తర్వాత నోటిఫికేషన్. రిజిస్ట్రేషను, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయడం, పరిశీలన, తాత్కాలిక మెరిట్ జాబితా, తుది జాబితా, వెబ్ ఆప్షన్లు, మొదటి విడత, రెండో విడత, మాప్ అప్. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో ఆట. ఎక్కడ ఏ కాయితం తక్కువైందని ఎప్పుడు మెసేజి వస్తుందో తెలియదు. ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో దీనికి ఒక కన్సల్టెంటు ఉంటాడు, లేదంటే డాక్టరు మేనమామ ఉంటాడు. మండీబజార్లో పండ్ల బండి పెట్టుకున్నోడి బిడ్డకు ఎవరుంటారు? నెట్ సెంటర్ పిల్లగాడు ఉంటాడు. వాడు ఏ ఆప్షన్ ముందు పెడితే అదే ఆమె తలరాత.

మా చెల్లె బిడ్డ సంగతి చెప్తాను. పేరు వద్దు. లాంగ్‌టర్మ్ ఒక ఏడాది చేసింది. లక్ష దాటిన ఫీజును మా బావ ఆటో మీద తెచ్చిన అప్పుతో కట్టాడు. ర్యాంకు వచ్చింది. గొప్పది కాదు, తీసేసేదీ కాదు, అంచు మీద ఉన్న ర్యాంకు. బీసీ-ఇ సర్టిఫికెట్ చేతిలో ఉంటే సీటు రావచ్చు, లేకపోతే రాదు. మీసేవలో దరఖాస్తు పెట్టారు. ఒక తహసీల్ ఆఫీసులో ఆ కాయితం ఆగింది. కారణం? పిల్ల తండ్రి టీసీలో పేరు ముందు 'ఎండీ' అని ఉంది. అక్కడి గుమాస్తా అడిగిన ప్రశ్న ఇది: "మహమ్మద్ అంటే కులం కాదు కదా, మీరు షేకులని ఏం రుజువు?"

మిత్రులారా, ఈ ప్రశ్నలో ఉన్న తమాషా చూడండి. గల్లీలోకి వస్తే మేమందరం ఒకటే తురకోళ్ళం. ఇల్లు కిరాయికి అడిగితే ఒకటే. ఊళ్ళో గొడవైతే ఒకటే. అప్పుడు షేకా, సయ్యదా, దూదేకులా, ఫకీరా అని అడిగినవాడు చరిత్రలో లేడు. కాయితం కావలసి వచ్చినప్పుడు మాత్రం ముత్తాత దాకా తవ్వి కులం చూపించమంటారు. తెలంగాణలో సగం ముస్లిం ఇళ్ళల్లో పేరు ముందు ఎండీయే ఉంటుంది. బడిలో చేర్పించిన నాడు పంతులు రాసింది అది. ఒక సర్టిఫికెట్లో ఎండీ, ఇంకోదాంట్లో మొహమ్మద్, ఆధార్లో మహ్మద్. మూడూ ఒకే మనిషని చెప్పడానికి నోటరీ అఫిడవిట్. ఆ పిల్ల బయాలజీ చదవడానికి పెట్టిన శ్రమలో పావువంతు తన తండ్రి తన తండ్రేనని రుజువు చేయడానికి పెట్టింది. ఇంగ్లీషువాళ్ళ దేశంలో మెడికల్ సీటుకు ఇంటర్వ్యూ పెట్టి నీకు డాక్టరు ఎందుకు కావాలని ఉందని అడుగుతారట. మాకు ఇంటర్వ్యూ తహసీల్ ఆఫీసులోనే అవుతుంది. ప్రశ్న ఒక్కటే, నువ్వెవరు?

ఇక ఆ నాలుగు శాతం కథ. దాన్ని 'ముస్లిం రిజర్వేషన్' అని పత్రికలు రాస్తాయి, నాయకులు అరుస్తారు, మన సెక్యులర్ మిత్రులు కూడా నోరు జారి అదే మాట అంటారు. 2004 జూలైలో ముస్లింలకు ఐదు శాతం ఇస్తూ జీవో వచ్చింది. సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. 2005లో ఆర్డినెన్సు, ఆ వెంట చట్టం. నవంబరులో అదీ కొట్టేసింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక తర్వాత నాలుగు శాతంతో ఇంకో చట్టం. ఈ చట్టం మొత్తం ముస్లింలకు కాదు. అత్తరు సాయబులు, ధోబీలు, ఫకీర్లు, గారడీవాళ్ళు, గుడ్డి ఎలుగువాళ్ళు, హజాంలు, ఖురేషీలు, షేకులు, సిద్దీలు, తురక కాశలు, ఇలాంటి 14 గుంపులకు. సయ్యదులు, మొఘలులు, పఠాన్లు, ఇరానీలు, అరబ్బులు, బోరాలు, ఖోజాలు, కచ్చీ మెమన్లు, నవాయత్‌లు ఇందులో లేరు, వాళ్ళను పేరు పెట్టి మరీ బయట ఉంచారు. మతం ఆధారమే అయితే సయ్యద్‌ను ఎందుకు బయట పెడతారు? ఎలుగుబంటిని ఆడించి అడుక్కు తిన్నవాడిదీ, అత్తరు సీసాలు భుజాన వేసుకుని ఊరూరు తిరిగినవాడిదీ వెనుకబాటు కాకపోతే ఈ దేశంలో వెనుకబాటు అంటే ఏమిటి?

2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో దాన్నీ కొట్టేసింది. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి ఆ 14 గుంపులకు కొనసాగించమంది. ఆ మధ్యంతరం మీదనే పదిహేనేళ్ళకు పైగా బ్యాచి తర్వాత బ్యాచి చదువుకుంది. ఆ పిల్లల్లో ఎంతోమంది ఇవాళ పీజీలు చేసి ఆసుపత్రుల్లో ఆపరేషన్లు చేస్తున్నారు. ఉత్తర్వు వచ్చిన ఏడాది పుట్టిన పిల్ల పదో తరగతి దాటే వయసుకు వచ్చింది. రేపు ఆమె నీట్ రాసే నాటికి ఆ కాయితం చెల్లుతుందో లేదో ఎవరూ హామీ ఇవ్వలేరు. కౌన్సెలింగ్ కోసం ఒక పిల్ల రెండు నెలలు ఎదురు చూస్తుంది. ఒక జాతి జాతి ఇన్నేళ్ళు తాత్కాలికంగా బతుకుతున్నది.

పక్కనే ఇంకో రిజర్వేషన్ చూడండి. 2019 జనవరి 8న లోక్‌సభలో బిల్లు, 9న రాజ్యసభలో, 12న రాష్ట్రపతి సంతకం. అగ్రవర్ణ పేదలకు పది శాతం. ఏ కమిషన్ లెక్క తీసింది? ఏ సర్వే జరిగింది? ఏడాదికి ఎనిమిది లక్షల లోపు సంపాదించేవాళ్ళందరూ పేదలేనట. 2022 నవంబరులో సుప్రీంకోర్టు అది సరైనదేనని కూడా చెప్పింది. యాభై శాతం గీత అక్కడ ఎవరికీ అడ్డం రాలేదు. మా దగ్గరికి వచ్చేసరికి ఆ గీత గోడ అవుతుంది. 2017 ఏప్రిల్లో తెలంగాణ శాసనసభ ముస్లింల కోటాను 12 శాతానికి పెంచుతూ బిల్లు పాస్ చేసింది. ఢిల్లీకి పోయిన ఆ కాయితానికి రాష్ట్రపతి సంతకం దొరకలేదు. పంపినవాళ్ళు కూడా అది దొరికేదాకా ఢిల్లీ గుమ్మం ముందు కూర్చున్నట్టు నేను చూడలేదు. ఓట్ల మాసం అయిపోతే పన్నెండు శాతం మాట కూడా అయిపోతుంది, రంజాన్ అయిపోతే ఇఫ్తార్ విందు ఫోటోలు అయిపోయినట్టు.

2024లో తెలంగాణ ప్రభుత్వం చేయించిన కులాల సర్వే లెక్కలు 2025 ఫిబ్రవరిలో బయటపెట్టారు. రాష్ట్ర జనాభాలో ముస్లింలు 12.56 శాతం. అందులో బీసీ ముస్లింలే 10.08 శాతం. వాళ్ళకు ఉన్నది నాలుగు. దీని మీద కూడా ఓర్వలేక, బీసీల వాటా తురకలు తింటున్నారని యాత్రలు చేసేవాళ్ళు చేస్తున్నారు. 2023 ఏప్రిల్లో చేవెళ్ళ సభలో అమిత్ షా తమ ప్రభుత్వం వస్తే ముస్లిం రిజర్వేషన్ తీసేస్తామని చెప్పి పోయాడు. ఆ నెల ముందే కర్ణాటకలో తీసేస్తూ ఉత్తర్వు ఇచ్చి చూపించారు. అది కోర్టుకెక్కి ఆగింది.

మరి తీసేస్తే మిగిలేది ఎంత, ఉంటే తినేది ఎంత? కాకతీయ మెడికల్ కాలేజీ తీసుకోండి. 1959లో పెట్టిన కాలేజీ. 250 సీట్లు. పదిహేను శాతం అఖిల భారత కోటాకు పోతాయి. మిగిలినవి 212. అందులో నాలుగు శాతం ఎనిమిది. ఎనిమిది సీట్లు! రెండు ఆటోల్లో కూర్చునేంత మంది. ఈ ఎనిమిది మంది కోసమే రథయాత్రలు, చర్చలు, కోర్టులు. ఈ ఎనిమిది మంది వల్లనే మెరిట్ మంట గలిసిపోతున్నదట.

మెరిట్ గురించి కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం, ఎందుకంటే మమ్మల్ని కొట్టడానికి వాడే కర్ర అది. ఈ రాష్ట్రంలో మెరిట్ ఎట్లా నడిచిందో మాకు తెలియదా? మన తెలుగు ఆసాముల పిల్లలు దశాబ్దాల పాటు డొనేషన్ మూటలు కట్టుకుని కర్ణాటక పోయారు. 1992లో మోహినీ జైన్ కేసు ఆ కర్ణాటక డొనేషన్ల మీదనే వచ్చింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసు మన ఆంధ్రప్రదేశ్‌దే. ఆ ముందు ఏడాదే ప్రైవేటు కాలేజీల అనుమతుల గొడవలో కోర్టు తప్పుపట్టాక నేదురుమల్లి జనార్దనరెడ్డి ముఖ్యమంత్రి కుర్చీ దిగవలసి వచ్చింది. అప్పుడు మెరిట్ చచ్చిపోయిందని ఎవడైనా దహనసంస్కారం చేశాడా?

2016లో తెలంగాణలో మెడికల్ సీట్ల కోసం జూలైలో ఎంసెట్-2 పెట్టారు. పేపరు లీకైంది. కొందరు పిల్లలను రాష్ట్రం దాటించి, హోటళ్ళలో పెట్టి ప్రశ్నలు బట్టీ కొట్టించారు. పరీక్ష రద్దయింది. సెప్టెంబరు 11న ఎంసెట్-3. ఆ ఒక్క ఏడాది మా పిల్లలు రెండుసార్లు నీట్ అనీ, మూడుసార్లు ఎంసెట్ అనీ పరీక్షల మధ్య నలిగారు. లక్షలు పోసి పేపరు కొన్న ఇళ్ళు ఏ గల్లీలో ఉన్నాయి? మా చార్‌బౌళిలో అయితే లేవు. 2024లో నీట్ ఫలితాలు వస్తే మొదట 67 మందికి 720కి 720. పట్నాలో, హజారీబాగ్‌లో పేపరు బయటికి పోయిందని తేలింది. అయినా పరీక్ష నిలబడింది. 2023లో పీజీ సీట్లు మిగిలిపోతున్నాయని అర్హతను సున్నా పర్సంటైల్‌కు దించారు. సున్నా! పరీక్ష హాలుకు వచ్చి కూర్చున్నవాడు ప్రతివాడూ అర్హుడే, ఫీజు కట్టే స్తోమతు ఉంటే చాలు. రాష్ట్రంలో ఏళ్ళ తరబడి ప్రైవేటు కాలేజీలో ఎ కేటగిరీ సీటుకు ఏడాదికి 60 వేలు ఉంటే, బి కేటగిరీకి పది లక్షలు దాటింది. ఎన్నారై కోటాది అంతకు ఎంతో ఎక్కువ. ర్యాంకు లక్షల్లో ఉన్నా, చెక్కు కూడా లక్షల్లో ఉంటే మెరిట్ కళ్ళు మూసుకుంటుంది. పండ్ల బండివాడి బిడ్డ నాలుగు వందల చిల్లర మార్కులతో వస్తే మాత్రం మెరిట్ కళ్ళు తెరిచి, అద్దాలు పెట్టుకుని, ఆమె సర్టిఫికెట్ చదువుతుంది.

మా సెక్యులర్ మిత్రులతో కూడా ఒక మాట ఉంది. 1992లో బాబ్రీ కూలినప్పుడు మీరు మాతో నిలబడ్డారు. 2002లో గుజరాత్ తగలబడినప్పుడు ఊరేగింపులు తీశారు, కవితలు రాశారు. మరిచిపోలేదు, మరిచిపోము. చచ్చిన ముస్లిం కోసం మీ కళ్ళల్లో నీళ్ళు వస్తాయి. బతికిన ముస్లిం వాటా అడిగితే మాత్రం మీరు రాజ్యాంగం పుస్తకం తెరిచి కూర్చుంటారు. "మతం ప్రాతిపదిక మీద ఎట్లా ఇస్తారు?" అని మెల్లగా అంటారు. అయ్యా, మతం ప్రాతిపదిక మీద ఈ దేశంలో 1950 నుంచీ ఇస్తున్నారు, లాక్కుంటున్నారు కూడా. ఆ ఏడాది రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులం కాదంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు. పాయిఖానాలు ఎత్తిన మెహతర్ ముస్లిం మాత్రం ఎస్సీ కాదు. అదే పని చేసిన పక్క గల్లీ మనిషి ఎస్సీ. చీపురు ఒకటే, గంప ఒకటే, వాసన ఒకటే. నమాజు చదివిన నేరానికి ఎస్సీ హక్కు పోయింది. దీన్ని మతం ప్రాతిపదిక అనరా? దీని మీద మీ సంపాదకీయాలు ఎన్ని?

ఇంటి సంగతీ చెప్పుకోవాలి, లేకపోతే మాట సగమే అవుతుంది. మన అష్రాఫ్ పెద్దలు ఇస్లాంలో కులాల్లేవంటారు. నిజమే, ఖురాన్‌లో లేవు, పెళ్ళి సంబంధాల్లో ఉన్నాయి. దూదేకుల పిల్లను కోడలిగా తెచ్చుకోమంటే ముఖం తిప్పుకునే పెద్దమనుషులు, రిజర్వేషన్ మాట వచ్చినప్పుడు మాత్రం మిల్లత్ అంతా ఒకటే అని ఉపన్యాసం ఇస్తారు. శుభలేఖ మీద సయ్యద్ అని అచ్చువేయించుకుని, దరఖాస్తులో షేక్ అయిపోయినవాళ్ళు కూడా లేకపోలేదు. వాళ్ళు తినేది ఫకీరు బిడ్డ కంచంలోది.

1984లో హైదరాబాదులో దక్కన్ మెడికల్ కాలేజీ వచ్చింది. తర్వాత షాదాన్, వీఆర్‌కే, అయాన్. ముస్లిం మైనారిటీ కాలేజీల్లో అరవై శాతం సీట్లు ముస్లిం పిల్లలకు కన్వీనర్ కోటాలో, తక్కువ ఫీజుతో వస్తాయి. ఆ మేలు మేలే, కాదనను. వాటివల్ల డాక్టర్లయిన ఆడపిల్లలు వందల్లో ఉన్నారు. కానీ మిగతా నలభై శాతం మేనేజ్‌మెంటు, ఎన్నారై సీట్లు ఎవరివి? అక్కడ పండ్ల బండి ఎట్లాగూ ఎక్కదు. అన్నీ హైదరాబాదు చుట్టే ఎందుకున్నాయి? వరంగల్లు, ఖమ్మం, ఆదిలాబాదు ముస్లింలు మిల్లత్‌లో లేరా? జకాత్ పెట్టెలు మసీదు ముందు ఉంటాయి, దర్గా ముందు ఉంటాయి. మెడికల్ కాలేజీ ఫీజు కౌంటరు పక్కన ఒక్కటి పెట్టించండి చూద్దాం. సౌదీ పోయి ఎండలో మాడి పైకం పంపిన తండ్రి ఎన్నారై కోటాకు సరిపడా ఎన్నారై కాడు మరి.

సీటు ఇక్కడ రానివాళ్ళు కిర్గిజిస్తాన్ పోతున్నారు, ఫిలిప్పీన్స్ పోతున్నారు. ఉక్రెయిన్ పోయినవాళ్ళు 2022 ఫిబ్రవరిలో బాంబుల కింద నుంచి సూట్‌కేసులు ఈడ్చుకుంటూ తిరిగొచ్చారు. వాళ్ళలో అన్ని కులాలవాళ్ళూ ఉన్నారు. అప్పుడు అందరూ అడిగిన ప్రశ్న, మన పిల్లలు అంతదూరం ఎందుకు పోవలసి వచ్చిందని. మంచి ప్రశ్న. టీవీల్లో రెండు వారాలు నడిచింది.

ఈ నేలకు వైద్యం చదువు కొత్తదా అంటే అదీ కాదు. 1846లో హైదరాబాదులో వైద్య పాఠశాల పెట్టినప్పుడు పాఠాలు ఉర్దూలో చెప్పారు. ఆ తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చినప్పుడూ 1948 దాకా వైద్యం ఉర్దూలోనే బోధించారు. దేశ భాషలో డాక్టర్లను తయారు చేసిన చోటు ఇది. అప్పుడు చదివింది ముస్లింలే కాదు, కాయస్థులు, బ్రాహ్మణులు, పార్సీలు అందరూ చదివారు. దేశంలోనే మత్తుమందు ఇచ్చిన తొలి ఆడ డాక్టర్లలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ ఇక్కడ చదువుకున్న పార్సీ ఆడబిడ్డ. పోలీస్ యాక్షన్ తర్వాత భాష పోయింది, ఉద్యోగాలు పోయాయి, ప్రాణాలు పోయాయి. ఆ ఉర్దూలో నీట్ రాస్తామని అడిగితే ఏమైంది? 2017లో పది భాషల్లో పరీక్ష పెట్టి ఉర్దూను వదిలేశారు. సుప్రీంకోర్టు దాకా పోతే 2018 నుంచి చేర్చారు. వరంగల్లులో ఉర్దూ మీడియం ఇంటర్ బైపీసీ చదివే పిల్లకు ఫిజిక్స్ లెక్చరర్ దొరకని చోట ప్రశ్నపత్రం మాత్రం ఉర్దూలో దొరుకుతుంది. పళ్ళూడిన నాడు బఠాణీలు పెట్టినట్టు.

పరీక్షరోజు సంగతి చెప్పుకుంటే సిగ్గేస్తుంది. సంప్రదాయ దుస్తుల్లో వచ్చేవాళ్ళు తనిఖీ కోసం ముందుగా రావాలని నిబంధన. అందరూ పుస్తకం చివరిసారి తిరగేసుకునే గంటలో మా పిల్ల తన తలగుడ్డలో ఏమీ దాచలేదని రుజువు చేసుకుంటుంది. 2015లో దీనిమీద సుప్రీంకోర్టుకు పోతే, మూడు గంటల పరీక్షేగా అన్నట్టు చూసి వినడానికే ఒప్పుకోలేదు. పేపరు లీకైంది తలగుడ్డల్లోంచి కాదు. ట్రంకుపెట్టెల్లోంచి, ప్రెస్సుల్లోంచి, పెద్దమనుషుల ఫోన్లలోంచి లీకైంది. వాళ్ళను ముందుగా రమ్మని ఎవరూ అనరు.

ఎంజీఎం ఆసుపత్రికి ఒక పొద్దున పోయి కూర్చోండి. ఆజంజాహి మిల్లు మూతబడ్డాక ఊపిరితిత్తుల్లో పత్తి దుమ్ముతో మిగిలిన ముసలివాళ్ళు, ఏటూరునాగారం నుంచి వచ్చిన కోయ తల్లులు, బుర్ఖా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మగ డాక్టరు ముందు సగం రోగమే చెప్పుకునే ఆడవాళ్ళు. మిగతా సగం ఇంటికి తీసుకుపోతారు. దాంతోనే చచ్చిపోతారు. వాళ్ళ మాట వాళ్ళ భాషలో వినే పిల్ల ఓపీలో కూర్చోవాలంటే ఎనిమిది సీట్లలోంచే రావాలి. మొదటిసారి బడి మొహం చూసిన ఇంటినుంచి రావాలి. కోయగూడెం నుంచి రావలసిన పిల్ల గురించి కూడా నేను ఇదే మాట అంటాను. మాదిగవాడ పిల్ల గురించీ అంటాను. మా వాటా వాళ్ళ కంచంలోది కాదని వాళ్ళకూ తెలుసు. మమ్మల్ని వాళ్ళమీదికి ఉసిగొల్పేవాళ్ళకు కూడా తెలుసు.

ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఇప్పుడు కేఎంసీ కాక మహబూబాబాదు, జనగామ, భూపాలపల్లి, ములుగు, నర్సంపేటలో సర్కారీ మెడికల్ కాలేజీలు వచ్చాయి. 2016 నుంచి మైనారిటీ గురుకులాలు 204 పెట్టారు. మా ఆడపిల్లలు ఆ హాస్టళ్ళ నుంచి బైపీసీ పుస్తకాలు మోసుకుని వస్తున్నారు. 2006లో సచార్ కమిటీ, పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివే 25 మందిలో ఒక్కడే ముస్లిం అని రాసిన దేశం ఇది. ఆ ఒక్కడు ఇద్దరవుతున్నాడు. అందుకే ఈ భయం, ఈ యాత్రలు. మేము గ్యారేజీలో స్పానర్ పట్టుకున్నన్ని రోజులు ఎవరికీ మేము ముప్పు కాలేదు. స్టెతస్కోపు దగ్గరికి చెయ్యి చాచగానే జాతికి ముప్పు వచ్చింది. 2020లో సివిల్స్ పాసైన ముస్లిం పిల్లల మీద 'యూపీఎస్సీ జిహాద్' అని ఒక టీవీ చానల్ కార్యక్రమం మొదలుపెడితే సుప్రీంకోర్టు ఆపవలసి వచ్చింది. రేపు 'స్టెతస్కోపు జిహాద్' అంటారు. అననీయండి.

మాకు కావలసింది దయ కాదు. 2010 నుంచి మూలుగుతున్న కేసును తేల్చండి. 10.08 శాతమని లెక్క తీసినవాళ్ళు ఆ లెక్క ప్రకారం మాట్లాడండి. మెహతర్‌ను, అతని పక్కింటివాణ్ణి ఒకే తక్కెడలో తూచండి. బీసీ-ఇ సర్టిఫికెట్‌ను నోటిఫికేషన్ వచ్చాక కాదు, పిల్ల తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడే బడికి తెచ్చివ్వండి. ఎండీ, మొహమ్మద్, మహ్మద్ ఒకటేనని ఒక సర్క్యులర్ రాయడానికి ఏ రాజ్యాంగ ధర్మాసనమూ అక్కరలేదు, ఒక కలం చాలు.

మా చెల్లె బిడ్డకు ఆ సర్టిఫికెట్ రెండో విడత ఆప్షన్లు ముగిసిన మూడో రోజు వచ్చింది. ఇప్పుడు మళ్ళీ లాంగ్‌టర్మ్ చదువుతోంది. "మామూ, ఈసారి ముందే కాయితాలు పెట్టుకున్న" అంటుంది. బీరువాలో ప్లాస్టిక్ కవర్లో అఫిడవిట్లు, మూడు రకాల పేర్లు. ఆటో మీది అప్పుకు ఇంకా పద్నాలుగు కిస్తులు ఉన్నాయి.